చప్పుడు లేని బూట్లు

జయరాముడు సార్ అట్టపెట్టె మూత తీసి బూట్లు బయట పెట్టగానే జాయ్‌కి నవ్వొచ్చింది. అడుగుభాగం అంత మందంగా ఉన్న బూట్లను ఆమె ఎన్నడూ చూడలేదు. ముందు రెండు వేళ్ల మందం, వెనక మూడు వేళ్ల మందం. మడమ దగ్గర బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. తీయగానే మెత్త మళ్లీ పైకి ఉబ్బింది.

"ఇవి పందేనికి కాదమ్మా," అన్నాడు సార్. "పందెంలో ఏసుకుంటే అందరికన్నా కడాకు వస్తావు. ఇవి నిదానంగా పరిగెత్తే దినాలకు. కాళ్లకు రెస్టు ఇచ్చే దినాలకు."

"రెస్టంటే ఊరికే కూసునేది కదా సార్?"

"నీకట్ల కుదరదు. గట్టిగా పరిగెత్తినావనుకో, మరుసటి దినం పక్కన మనిషితో మాట్లాడుకుంటా పోయేంత నిదానంగా పోవల్ల. రక్తం ఆడతాది, నొప్పి దిగతాది. ఎముక మీద మాత్రం దెబ్బ పడగూడదు. దానికే ఈ మెత్త."

అది 2003 మే నెల. జాయ్‌కి ఇరవై ఒక్క ఏళ్లు. రాయదుర్గంలో ఒక జీన్స్ యూనిట్‌లో ప్యాంట్లకు పక్క కుట్లు వేసే పని. ఆరు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి రోజూ సైకిల్ మీద వచ్చి పోతుంది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా, ఆలస్యమై బడి గేటు వేసేలోగా పరుగెత్తుకొచ్చిన తీరు చూసి డ్రిల్లు సార్ జయరాముడు ఆమెను పరుగులోకి దింపాడు. ఇప్పుడాయన రిటైరయ్యాడు గానీ ఆమెను వదల్లేదు. ఐదు వేల మీటర్లలో జిల్లాలో ఆమె రెండోది. జూన్ చివర అనంతపురంలో రాష్ట్ర పోటీలున్నాయి. అక్కడ మొదటి ముగ్గురిలో నిలిస్తే ఆటగాళ్ల కోటాలో రైల్వే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆయన ఆశ.

ఆ ఆశకు అడ్డంగా నిలిచింది ఆమె ఎడమ కాలి ఎముక. మోకాలికి జానెడు కింద, ముందువైపు, నెల రోజులుగా నొప్పి. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసిన డాక్టర్, "వెంట్రుకంత పగులు మొదలవుతున్నట్టుంది. ఇట్లాగే గట్టి నేల మీద పరిగెత్తావంటే ఒకరోజు పుటుక్కుమంటుంది," అన్నాడు.

ఆ 'పుటుక్కు' జాయ్ చెవుల్లో ఉండిపోయింది. రోజూ మంచం దిగే ముందు వేలితో ఎముక వెంబడి తడిమి చూసుకునేది. నొప్పి ఉన్నచోటికి వేలు వచ్చేసరికి ఊపిరి బిగబట్టేది. అందుకే సార్ తనకు తెలిసినవాళ్ల చేత బెంగుళూరు నుంచి ఈ బూట్లు తెప్పించాడు.

మొదటి రోజు వేసుకుని పరుగెత్తినప్పుడు నేల ఎక్కడో దూరంగా ఉన్నట్టనిపించింది. దూది బేళ్ల మీద అడుగులు వేస్తున్నట్టుంది. నాలుగు కిలోమీటర్లు వెళ్లొచ్చినా ఎముక నొప్పి పెట్టలేదు. సంతోషంతో ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఒక్కటే తేడా. పాత క్యాన్వాసు బూట్లు టపటపమని మోగేవి. ఆమె రావడం ఊరి కుక్కలకు కూడా ముందే తెలిసేది. ఈ బూట్లకు చప్పుడే లేదు. బోరింగు దగ్గర్నుంచి బిందె ఎత్తుకొస్తున్న ఒకావిడ పక్క నుంచి జాయ్ దాటి పోగానే ఆమె కెవ్వుమని బిందె జారవిడిచింది.

"సచ్చినోళ్లు నడిచినట్ల వస్తాండావేమే! సప్పుడు చెయ్యి!" అని తిట్టింది.

జాయ్ నవ్వేసి వెళ్లిపోయింది. కానీ వారం తిరిగేసరికి ఆ నిశ్శబ్దం ఆమెకే బాగుండలేదు. తన అడుగుల చప్పుడు లేకపోయేసరికి మిగతా చప్పుళ్లన్నీ చెవిలో పడసాగాయి. ఎండుటాకుల్లో తొండ పాకడం, గుట్ట మీద ఎక్కడో చిన్న రాయి దొర్లడం. వెనక ఎవరో వస్తున్నట్టు అనిపించి ఊరికే తిరిగి చూసేది. ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఈ సంగతి సార్‌కి చెప్పడానికి సిగ్గేసింది.

జాయ్ నాయన యేసన్న, గుట్ట కింద చెన్నప్ప మామిడితోటకు కావలి. వరసగా మూడేళ్లు వాన లేదు. గుట్ట మీద చెలమలు ఎండిపోయాయి. కాయలకోసం, బోరు నీళ్లకోసం ఎలుగుబంట్లు కిందికి దిగుతున్నాయి. ఉగాదికి ముందు పక్కూరి గొర్రెలకాపరిని ఒకటి పట్టి ముఖం చీల్చేసింది. అతన్ని ఆసుపత్రికి తీసుకుపోతుంటే చూసిన వాళ్లు రెండు రోజులు అన్నం తినలేదు. యేసన్న అప్పట్నుంచి ఎక్కడికి నడిచినా చేతిలో డాల్డా డబ్బా, కట్టె ఉండేవి. డబ్బా కొట్టుకుంటూ నడిచేవాడు.

"దానికి మనిషంటే బయ్యం పాపా," అని ఒకరోజు సంగటి తింటూ కూతురికి చెప్పాడు. "సప్పుడు ఇంటే అదే తప్పుకుంటాది. కండ్లు అంతంత మాత్రం. పుట్టలో మూతి పెట్టినాదంటే దానికి లోకం తెలీదు. అట్లప్పుడు మనం దగ్గరికి పోయి నిలబడితే బయపడి మీద పడతాది. బయపడిన గొడ్డును ఏమీ చేసేకి లేదు."

"నేను పరిగెత్తే దోవలోకి వస్తాయా నాయనా?"

"తెల్లారినాక యాడివి? గుట్టమీద రాతిగుండ్ల సందుల్లో పండుకుంటాయి. నువ్వు పొద్దు పుట్టినాకే పో."

జాయ్ తల్లి నల్లమ్మ సంగటి గిన్నె కింద పెట్టి, "ఆ దోవే ఎందుకు? రోడ్డు మీద పరిగెత్తకూడదా?" అంది.

తారురోడ్డు గట్టిది. బండిదోవలో మెత్తటి ఎర్రమట్టి ఉంది. కాలి కోసం ఆ దోవే మంచిదని జాయ్ అనుకుంది.

మే మూడో ఆదివారం. ముందు రోజు సాయంత్రం సార్ బడి గ్రౌండులో ఆమె చేత పన్నెండు చుట్లు గట్టిగా పరుగెత్తించాడు. అందుకని ఆదివారం నిదానం పరుగు. సూర్యుడు పైకొచ్చాక మందం బూట్లు కట్టుకుని రోడ్డు దాటి బండిదోవ పట్టింది. ఆ వేళకు నాయన కావలి దిగి అదే దోవన ఎదురొస్తాడు. ఇద్దరూ కలిసి ఇంటికొచ్చి, స్నానాలు చేసి చర్చికి పోవాలి.

మూడు కిలోమీటర్లు దాటింది. అక్కడ దోవ గుట్టను ఆనుకుని పోతుంది. ఇంటి ఎత్తున్న ఒక గుండును చుట్టి మలుపు తిరుగుతుంది. గాలి ఆమె ముఖానికి ఎదురుగా వీస్తోంది. ఎవరో పెద్ద గొట్టంతో నీళ్లు పీలుస్తున్నట్టు ఒక శబ్దం వినపడింది. ఆగి వినాలని తోచేలోపే మలుపు తిరిగేసింది.

పదిహేను అడుగుల దూరంలో ఎలుగుబంటి.

దోవ పక్క పుట్టను తవ్వి మూతి లోపలికి దూర్చి ఉంది. నల్లటి బొచ్చు మీద ఎర్రమన్ను. పీలుస్తోంది, ఊదుతోంది. రెండు పిల్లలు దాని వెనక కాళ్ల దగ్గర దొర్లుతున్నాయి. ముంగాళ్ల గోళ్లు కొడవలి మొనల్లా తెల్లగా కనపడుతున్నాయి. దానికి ఆమె అడుగు వినపడలేదు. వినపడి ఉంటే ఎప్పుడో పిల్లల్ని తీసుకుని గుట్టెక్కి ఉండేది.

జాయ్ ఉన్నచోటే ఆగింది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే ఆ చప్పుడు దానికి వినపడుతుందేమోనని భయమేసింది. పరుగెత్తితే తరుముతుంది. 'యేసయ్యా, యేసయ్యా' అని లోపల అనుకుంటూ, ముఖం తిప్పకుండా ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. మెత్తటి అడుగులు మట్టిలో దిగుతున్నాయి. ఒక పిల్ల తలెత్తి ఆమె వైపు చూసింది. ఆమె ఆగిపోయింది. పిల్ల తల దించి మళ్లీ దొర్లింది. ఇంకో అడుగు. ఇంకొకటి. దోవ పక్కన చిన్న గుండు చాటుకు చేరుకుంది. ఇంక తిరిగి మెల్లగా వెళ్లిపోవచ్చు.

అప్పుడు కనపడింది, దూరంగా, ఎలుగుబంటికి అవతల, తోట వైపు నుంచి దిగుతున్న దోవలో తెల్లటి తలగుడ్డ. నాయన. భుజాన కట్టె, చేతిలో టిఫిన్ క్యారియర్, చంకలో మామిడికాయల తువ్వాలు మూట. డబ్బా కొట్టడం లేదు. తెల్లారిపోయింది కదా అని నడుముకు కట్టేసుకున్నట్టున్నాడు. ఆ వైపు నుంచి వచ్చేవాడికి ఇంకో పెద్ద గుండు అడ్డం. గుండు తిరిగాడంటే ఎలుగుబంటి మీద కాలు పెట్టినట్టే.

అరవకపోతే తను బతుకుతుంది. అరిస్తే అది తన మీదికి వస్తుంది. ఇట్లా ఆమె విడివిడిగా ఆలోచించలేదు. తర్వాత చాలాసార్లు ఆలోచించింది గానీ అప్పుడు కాదు. అప్పుడు గొంతు దానంతటదే పగిలింది.

"నాయనా! ఎలుగ్గొడ్డు! రావద్దు! రావద్దు!"

ఎలుగుబంటి మూతి బయటికి లాగింది. రెండు కాళ్ల మీద లేచి నిలబడి గాలి పీల్చింది. ఆమె వైపు తిరిగి నాలుగు అంగల్లో మీదికొచ్చింది. దాని నోటి వాసన, ఊపిరి బుసబుస దగ్గరవుతున్నాయి. అంతలో గుండుకు అవతల్నుంచి యేసన్న కేక వేసుకుంటూ, కట్టె ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనక్కి పొమ్మంటే ముందుకొచ్చాడు. రావడం రావడం పిల్లల మధ్యలోకే వచ్చిపడ్డాడు. పిల్లలు కీచుమన్నాయి. ఎలుగుబంటి గిర్రున తిరిగి అతని మీద పడింది.

ఎంతసేపో జాయ్‌కి తెలియదు. చేతికందిన రాయల్లా విసిరింది, అరిచింది, ఏమని అరిచిందో గుర్తులేదు. ఒక రాయి దాని చెవి మీద తగిలింది. అది ఆగింది. ఒక పిల్ల దాని వీపు మీదికి ఎక్కింది, ఇంకోటి పక్కన. మూడూ గుట్ట మీది గుండ్లలోకి వెళ్లిపోయాయి.

యేసన్న వెల్లకిలా పడి ఉన్నాడు. ముఖం ఎడమ సగం ముఖంలా లేదు. జాయ్ అటు చూడకుండా చూస్తూ, తువ్వాలు విప్పి, మామిడికాయలు కిందపడేసి, తల చుట్టూ బిగించి కట్టింది. వేళ్లు జారిపోతున్నాయి. తొడ మీద కూడా చీలిక ఉంది. తలగుడ్డ దానికి కట్టింది.

"పోయిందా?" అన్నాడు అతను.

"పోయింది నాయనా. లెయ్. నన్ను పట్టుకో."

లేవలేకపోయాడు. ఆమె ఎత్తబోతే తన ఎడమ కాలి ఎముకలో సూది గుచ్చినట్టయింది.

"నువ్వు మొయ్యలేవు పాపా. రోడ్డు కాడికి పో. ఎవరినన్నా పిల్చుకొని రా."

"నిన్ను ఇడిసిపెట్టి యాడికి పోయేది? అది ఆడనే ఉండాది. ఇంటాండావా?" పై గుండ్లలోంచి బుసలు వినపడుతున్నాయి.

"అందుకే బిన్నా పరిగెత్తి పో అంటాండా. నాకు డబ్బా ఉండాది."

జాయ్ అతన్ని చంకల కింద పట్టి లాగి, వీపు గుండుకు ఆనించి కూర్చోబెట్టింది. నడుముకున్న డబ్బా విప్పి ఒళ్లో పెట్టింది. చేతికి రాయి ఇచ్చింది. "కొడతానే ఉండు నాయనా. నేనొచ్చేదాకా ఆపొద్దు."

ఠక్. ఠక్. ఠక్.

ఆమె పరుగెత్తింది. నిదానానికి చేసిన ఆ బూట్లు వేగంగా పోనివ్వలేదు. అడుగు దిగి, లేచేలోపు మెత్తలో సగం బలం పోతోంది. కలలో పరుగెత్తుతున్నట్టుంది. కానీ అడుగుల చప్పుడు లేనందువల్ల డబ్బా చప్పుడు వెనక నుంచి స్పష్టంగా వినపడుతోంది. ఠక్. ఠక్. ఆ చప్పుడును పట్టుకుని పరుగెత్తింది. అది ఉన్నంతసేపు నాయన ఉన్నాడు.

ఒక కిలోమీటరు దగ్గర చప్పుడు సన్నబడింది. ఊపిరి బిగబట్టి విన్నది. ఠక్. చాలాసేపటికి ఇంకోటి. తర్వాత వినపడలేదు.

దూరమైనందుకు వినపడలేదా, ఆగిపోయినందుకా? వెనక్కి తిరిగి నిలబడింది. గాలి తప్ప ఏమీ లేదు. తిరిగి వెళ్దామా? వెళ్లి ఏం చేస్తుంది? ఏడుపు తన్నుకొచ్చింది. రోడ్డు వైపే తిరిగి మళ్లీ పరుగందుకుంది. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. తన అడుగులకూ లేదు. పక్కనున్న ప్రతి గుండూ నల్లగా, బొచ్చుతో కదిలినట్టు కనపడింది.

ఎండిన వాగు వంక దాటేచోట ఎడమ కాలు కింద పెట్టగానే ఎముకలో ఏదో తెగింది. పడింది. ఇంతకాలం భయపడింది ఇదే. చేతులతో తడిమి చూసుకోలేదు. లేచి, కాలు ఈడ్చుకుంటూ, కుంటుతూ, గెంతుతూ మిగతా దూరం పోయింది. మందపాటి మెత్త లేకపోతే ఆ కాలు నేల మీద మోపగలిగేది కాదని తర్వాత డాక్టర్ అన్నాడు.

రోడ్డు మీద ఒక బస్సు ఆగకుండానే పోయింది. తర్వాత కళ్యాణదుర్గం నుంచి గుడ్డల మూటలతో ఒక టెంపో వచ్చింది. జాయ్ రోడ్డు నడిమధ్యన నిలబడి చేతులు చాపింది. బ్రేకు కీచుమంది. డ్రైవర్ ఎర్రిస్వామి దిగాడు. వాళ్ల యూనిట్‌కు సరుకు దింపేవాడే.

"ఏమమ్మా జాయ్! ఏమా రగతం?"

"మా నాయన్ని ఎలుగ్గొడ్డు కొట్టినాదన్నా. గుట్టకాడ ఉండాడు. బతికుండాడో లేదో."

ఎర్రిస్వామి ఆమెను ఎక్కించుకుని టెంపోను బండిదోవలోకి దించాడు. గుంతల్లో ఎగిరి పడుతూ, హారన్ మీద చెయ్యి తీయకుండా పోనిచ్చాడు. గుండు దగ్గరవుతుంటే జాయ్ కళ్లు మూసుకుంది.

"ఉండాడు," అన్నాడు ఎర్రిస్వామి.

యేసన్న అదే గుండుకు ఆనుకుని ఉన్నాడు. తల వాలిపోయింది. రాయి చేతిలోంచి జారిపోయింది. ఒళ్లోని డబ్బా మీద వేళ్లు మాత్రం మెల్లగా, చప్పుడు రాకుండా, తడుతూనే ఉన్నాయి.

రాయదుర్గంలో కట్టుకట్టి అనంతపురం పంపారు. అరవైకి పైగా కుట్లు పడ్డాయి. ఎడమ కన్ను పోయింది. జాయ్ కాలికి ఆరు వారాల సిమెంటు కట్టు. తండ్రీ కూతుళ్లు చెరో వార్డులో ఉంటే మధ్యలో నల్లమ్మ తిరిగింది.

జయరాముడు సార్ చూడటానికొచ్చి యేసన్న మంచం పక్కన కూర్చున్నాడు. "నేను ఆ బూట్లు తేకుంటే ఇట్లయ్యేది కాదు," అన్నాడు చివరికి.

"బూట్లేం చేసినాయి సారూ," అన్నాడు యేసన్న కట్ల లోపల నుంచి. "ఆ పొద్దు నేను డబ్బా కొట్టల్యా. తెల్లారినాది గదా అని బద్దకం."

నల్లమ్మ తన వార్డుకొచ్చి ఈ మాటలు చెప్పగా జాయ్ విన్నది. ఆమె లోపల ఇంకొక లెక్క నడుస్తోంది. తను అరిచింది కాబట్టే నాయన అటు పరుగెత్తుకొచ్చాడు. ఆ మాట బయటికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో, ఒక మధ్యాహ్నం, తలుపు పక్కన నాయన కూర్చుని ఉంటే అడిగేసింది.

"నేను అరిచినందుకే గదా నాయనా నువ్వు దాని మీదికొచ్చింది?"

యేసన్న ఒక్క కంటితో ఆమెను చూశాడు. "అరవకుంటే గుండు మళ్లుకొని దాని మూతికాడ నిలబడుంటి. అరిచినావు గాబట్టి కట్టె ఎత్తుకొని వచ్చినా. అంతే." మళ్లీ తనే, "నీ గొంతు ఇని ఎనక్కి తిరిగి పోతాననుకున్యావా?" అన్నాడు.

జాయ్ మోకాళ్లలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. అతను ఏడవనిచ్చాడు.

రాష్ట్ర పోటీలు జరిగిపోయాయి. గెలిచిన వాళ్ల పేర్లు సార్ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎముక అతుక్కుంది. యూనిట్‌కి మళ్లీ పోసాగింది. నలభై కుట్టుమిషన్ల మోతలో ఆమెకు హాయిగా ఉండేది. కరెంటు పోయి అన్నీ ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం ఒళ్లంతా చెమట పట్టేది.

నవంబరులో సార్ వచ్చాడు. "అర కిలోమీటరుతో మొదలుపెడదాం. మూడు నెలలు ఆ మందం బూట్లే ఏసుకోవల్ల. వేరేటివి అతికిన ఎముకకు పనికిరావు."

నల్లమ్మ వాటిని కడిగి అటక మీద పెట్టి ఉంచింది. మట్టి మరక పూర్తిగా పోలేదు. జాయ్ కట్టుకుని వీధిలోకి దిగి పది అడుగులు వేసింది. చప్పుడు లేదు. చెవుల్లో ఆ పీల్పు, ఆ బుస. తిరిగొచ్చి గడప మీద కూర్చుని బూట్లు విప్పేసింది. మర్నాడూ అంతే. మూడో రోజు వీధి చివరి దాకా వెళ్లి, పరుగున ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంది.

"ఇంక నాతో కాదు సార్. సప్పుడు లేకుంటే బయమేస్తాది," అంది.

"పొద్దున్నే ఎందుకు పోతాండావు?" అని అడిగాడు ఆయన. "పదిగంటలకు పో. రోడ్డు మీద పో. ఎండ కొడితే కొట్టనీ. నువ్వు పరిగెత్తేది నిదానమే గదా."

తారు గట్టిది అని ఇదివరకు భయపడిన మనిషి ఆదివారం పది గంటలకు కళ్యాణదుర్గం రోడ్డెక్కింది. ఎండ పెళపెళలాడుతోంది. లారీలు, బస్సులు, ఇటుకల ట్రాక్టర్లు. హారన్లతో చెవులు దద్దరిల్లుతున్నాయి. రోడ్డు పక్క బంకు ముందు టీ తాగుతున్న వాళ్లు, ఎండెక్కిన వేళ పరుగెత్తుతున్న ఆడపిల్లను వింతగా చూశారు.

"ఏమ్మా, బస్సు తప్పిపోయినాదా?" అని ఒకాయన కేకేశాడు.

"లేదన్నా! ఊరికే!" అని అరిచింది జాయ్.

గుట్ట కుడిపక్కనే ఉంది. అటు చూడకుండా ఉండలేకపోయింది. రెండుసార్లు వెనక్కి తిరిగింది. గుండె ఇంకా అదురుతూనే ఉంది. అయినా సార్ చెప్పిన కరెంటు స్తంభం దాకా వెళ్లి, దాన్ని చేత్తో ముట్టుకుని, ఇంటివైపు తిరిగింది.

తర్వాతి ఆదివారం ఇంకో నాలుగు స్తంభాలు ముందుకు పోయింది.